రింగు మూయడం వస్తే చొక్కా వచ్చినట్టే

హైదరాబాద్‌లో చేతిపనులంటే ఇష్టమున్నవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం, గొలుసు కవచం అల్లడం మీద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. ముందుగా ఈ రెండు ముక్కలూ మీ మధ్య తిప్పుతున్నాను. ఒక్కొక్కటి అరచేయంత ఉంటుంది. రెండింటిదీ ఒకే తీగ, ఒకే సైజు రింగు, ఒకే అల్లిక. ముంజేతి మీద వేసుకుని మెల్లగా జార్చి చూడండి. తొందరేం లేదు, చూసి పక్కవాళ్లకివ్వండి. ఒకటి నీళ్లలా జారిపోతుంది. రెండోది చర్మాన్ని గీరుతుంది, చొక్కా పోగుల్ని పట్టుకుంటుంది. తేడా ఎక్కడుంది? తీగలో లేదు. అల్లికలో లేదు. రింగు కొసలు రెండూ కలిసిన చోట ఉంది. ఆవగింజంత చోటు. ఈ పూట నేను చెప్పేదంతా ఆ ఆవగింజంత చోటు చుట్టూనే తిరుగుతుంది. అల్లిక ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. రింగు మూయడం అలా రాదు. ఒకటి సరిగ్గా మూయాలి, అలాంటివి 20,000 అంతే సరిగ్గా మూయాలి. చొక్కా అంటే అదే.

గొలుసు కవచం అంటే ఏమిటో చాలామందికి తెలిసే ఉంటుంది. చిన్న చిన్న లోహపు రింగుల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి గుడ్డలా అల్లుతారు. పాత తెలుగులో కవచాన్ని జోడు అనేవారు. ఫారసీ, ఉర్దూల్లో దీన్ని జిరహ్ అంటారు. యూరప్‌లో దొరికిన బాగా పాతవాటిలో ఒకటి రుమేనియాలో బయటపడింది, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దానిది. అంత దూరం ఎందుకు, మన ఆదోని ఉంది కదా. 1689లో ఔరంగజేబు తరఫున బికనేర్ రాజా అనూప్ సింగ్ ఆదోనిని పట్టుకున్నప్పుడు అక్కడి ఆయుధశాలలోని దక్కన్ కవచాలు బికనేర్ కోటకు తరలిపోయాయి. ఆ బికనేర్ కవచాల్లో కొన్ని ఇవాళ విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి.

మీకు గొలుసు కవచం ఏ మ్యూజియంలో కనిపించినా, దూరం నుంచి చూసి వచ్చేయకండి. అద్దానికి దగ్గరగా వెళ్లి ఒక్క రింగును చూడండి. చాలావాటిలో కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అక్కడ చదునుగా కొట్టి, చిన్న రివెట్, అంటే కొట్టి బిగించిన చిన్న మేకు, వేసి ఉంటుంది. కొన్ని భారతీయ కవచాల్లో రింగు మధ్యలో అడ్డంగా ఒక పట్టీ కూడా ఉంటుంది. ఇత్తడి, ఇనుప రింగులు కలిపి డైమండు ఆకారాలు తేలేలా అల్లినవీ ఉన్నాయి, వాటిని గంగాజమునీ పని అంటారు. మనం ఈరోజు నేర్చుకునేది రివెట్ లేని రింగు. కొసల్ని ఎదురెదురుగా ఆనించి వదిలేస్తాం. కాబట్టి ఒక మాట ఇప్పుడే స్పష్టంగా చెప్పేస్తాను. ఇది వేషానికి, నాటకానికి, ప్రదర్శనకు, చేతి సంతృప్తికి. కత్తి నుంచి కాపాడేది కాదు. కత్తి మొన రింగులో దిగితే రింగు విచ్చుకుంటుంది. ఎవరూ ఇది వేసుకుని పొడిపించుకుని చూడొద్దు.

ఇక తీగ. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ కొట్లకు వెళ్లి ఇనుప తీగ అడిగితే మొదట ఏమిస్తారు? బైండింగ్ వైరు ఇస్తారు. స్లాబు వేసేటప్పుడు చువ్వలు కట్టే నల్ల తీగ. అది వద్దు. దాన్ని కాల్చి మెత్తబరుస్తారు, మెలిపెడితే చాలు వంగి అలాగే ఉండిపోవాలి కదా, అదే దాని గుణం. మనకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. మెత్తటి తీగతో చేసిన రింగు చొక్కా బరువుకే నోరు తెరుస్తుంది. జీఐ తీగ అడగండి, జింకు పూత ఉన్నది, 16 గేజీ. 16 గేజీ అంటే మన దగ్గర 1.6 మిల్లీమీటర్ల మందం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. అమెరికా వీడియో చూసి 16 గేజీ అని రాసుకుంటారు. ఆ వీడియోల్లో తరచుగా చెప్పేది ఏడబ్ల్యూజీ అనే అమెరికా గేజీ, మనది బ్రిటిష్ గేజీ. ఏడబ్ల్యూజీ 16 అంటే 1.3 మిల్లీమీటర్లే. ఏడబ్ల్యూజీ 14, మన 16 దాదాపు ఒకటి. అందుకే గేజీ మర్చిపోండి, మిల్లీమీటర్లు గుర్తుపెట్టుకోండి. కొట్టుకు మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లండి.

స్టీలు తీగ వాడొచ్చా? వాడొచ్చు, తుప్పు పట్టదు, అందంగా ఉంటుంది. కానీ గట్టిది, బొటనవేలు మొదట్లో నొప్పి పట్టేస్తుంది. మొదటి చొక్కాకు వద్దనే చెబుతాను. అల్యూమినియం మూడో వంతు బరువే ఉంటుంది, పిల్లల వేషాలకు బాగుంటుంది, కాకపోతే చేతుల్ని, లోపలి బట్టని నల్లగా చేస్తుంది. జీఐ తీగ గురించి ఇంకో హెచ్చరిక. దాన్ని ఎప్పుడూ కాల్చొద్దు, వెల్డింగ్ చేయొద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. మెత్తబడుతుందని స్టవ్ మీద పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, భాగహారం ఒక్కటే. రింగు లోపలి వెడల్పును తీగ మందంతో భాగించండి. 8 మిల్లీమీటర్ల రింగు, 1.6 తీగ. ఎంత? 5. ఈ 5 చుట్టుపక్కల ఉంటే, ఒక్కో రింగు నాలుగింటిని పట్టుకునే ఈ అల్లిక హాయిగా వస్తుంది. 3కి దగ్గరపడితే ఒక రింగులో నాలుగు రింగులు పట్టడమే కష్టం, ముక్క రేకులా బిగుసుకుపోతుంది. 6 దాటితే జాలీలా వదులవుతుంది, రింగు తేలిగ్గా విచ్చుకుంటుంది. ఆ తిప్పిన ముక్కలు రెండూ 5వే.

అదే 8 రింగు ఒక్కోటి అర గ్రాముకు కాస్త తక్కువ తూగుతుంది. ఒక్కోదానికి 3 సెంటీమీటర్ల తీగ పడుతుంది. ఒక పెద్దమనిషికి పొట్టి చేతుల చొక్కా, తొడ పైభాగం వరకు, 15,000 నుంచి 20,000 రింగులు. 20,000 అనుకుందాం. 600 మీటర్ల తీగ, తొమ్మిదిన్నర కిలోలు. కటింగులో పోయేది, చెడిపోయేది కలుపుకుని 11 కిలోలు ఒకేసారి, ఒకే చుట్ట నుంచి కొనండి. ఒకేసారి ఎందుకు? చుట్ట మారితే తీగ గట్టిదనం మారుతుంది. గట్టిదనం మారితే అదే రాడ్డు మీద చుట్టినా రింగు సైజు మారుతుంది. వీపు మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది.

సన్నగా ఉంటే బాగుంటుంది కదా, 1.2 తీగతో 6 రింగు చేద్దామా అని అడుగుతారు. నిష్పత్తి అదే 5. బరువు 7 కిలోలకు దిగుతుంది. కానీ రింగులు? 20,000 కాదు, 35,000 దాటుతాయి. బరువు పావు వంతు తగ్గింది, పని దాదాపు రెట్టింపయింది. ఎవరి ఓపిక వాళ్లది.

చుట్టడానికి వద్దాం. 8 మిల్లీమీటర్ల ఇనుప రాడ్డు, 60 సెంటీమీటర్లు. ఒక కొసకు దగ్గరగా తీగ దూరేంత బెజ్జం. అదే కొసను ఎల్ ఆకారంలో వంచితే పిడి అయిపోతుంది. రెండు చెక్కముక్కలకు బెజ్జాలు పెట్టి, పలక మీద నిలబెట్టి, రాడ్డును వాటిలోంచి దూర్చండి. తీగ కొసను బెజ్జంలో పెట్టి తిప్పండి. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో తీగ. తీగ ఎప్పుడూ బిగువుగా ఉండాలి, చుట్టు పక్కన చుట్టు ఆనుకుని పడాలి. 30 సెంటీమీటర్లు చుడితే ఒక చుట్టలో 185 రింగులు వస్తాయి. అలాంటివి మనకు 110 దాకా కావాలి.

చుట్టడం అయ్యాక అందరూ దెబ్బ తినే చోటు ఒకటుంది. తీగ బిగువులో ఉండగానే కత్తిరిస్తారు. ఏమవుతుంది? చుట్ట స్ప్రింగులా వెనక్కి విప్పుకుంటుంది, తెగిన కొస కొరడాలా తిరుగుతుంది. ముఖం అక్కడే ఉంటుంది. కాబట్టి ముందు పిడిని మెల్లగా వెనక్కి వదిలి బిగువు పోనివ్వండి, తర్వాతే కత్తిరించండి. కళ్లద్దాలు తప్పనిసరి. డ్రిల్లుతో తిప్పేవాళ్లకు ఇంకో మాట. బాగా నెమ్మదిగా తిప్పండి, చేతికి గ్లవ్స్ వేసుకోవద్దు, చున్నీ వేలాడనివ్వద్దు. తిరిగేదానికి గుడ్డ చిక్కితే చేతిని కూడా లాగుతుంది. తీగను గ్లవ్స్‌తో కాదు, గాడి పెట్టిన చెక్కముక్కతో పట్టుకోండి.

రాడ్డు 8 అయినా రింగు సరిగ్గా 8 రాదు, కొంచెం పెద్దదవుతుంది. బిగువు వదలగానే తీగ విచ్చుకుంటుంది, స్టీలైతే ఇంకా ఎక్కువ. కాబట్టి లెక్కకు రాడ్డును కాదు, కోసిన రింగును కొలవండి.

కోయడం. ఇక్కడ మళ్లీ మన ఆవగింజ దగ్గరకు వస్తున్నాం. మామూలు కటింగ్ ప్లయర్‌తో కోస్తే తీగను రెండు వైపుల నుంచి నొక్కి తెంపుతుంది. కొస ఇంటి కప్పులా మొనదేలుతుంది. రెండు కప్పులు ఎదురెదురుగా పెడితే ఏమవుతుంది? మొనలు తాకుతాయి, చుట్టూ లోయ మిగులుతుంది. మీ చేతిని గీరిన ముక్క అదే. కంసాలి రంపంతో కోస్తే కొస గోడలా నిటారుగా వస్తుంది, రెండు గోడలు అతుక్కుంటాయి. చుట్టను చెక్కలో తవ్విన వి ఆకారపు గాడిలో పెట్టి కోయాలి. కానీ 20,000 రింగులు, ఇనుము, బ్లేడ్లు ఎన్ని విరుగుతాయో ఆలోచించండి. అల్యూమినియానికి, రాగికి రంపం సరే. జీఐకి మధ్యేమార్గం రేకులు కోసే మంచి కత్తెర. కత్తెర పళ్లు ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతాయి కాబట్టి కొస దాదాపు నిటారుగా వస్తుంది. ఒక పన్ను చుట్ట లోపల, ఒకటి బయట, ఒక్కో నొక్కుకు ఒకటో రెండో రింగులు. అంతకు మించి ఆశపడితే కోత వంకర పోతుంది.

ఇప్పుడు మూయడం. వెనకవాళ్లకు కనబడుతోందా? కొంచెం ముందుకు జరగండి, ఇది కళ్లతో చూడాలి.

రెండు ప్లయర్లు కావాలి. పళ్లు లేనివి, నున్నటి దవడలున్నవి. పళ్లున్న ప్లయర్ జింకు పూతను కొరికేస్తుంది, మొదటి వానాకాలానికే అక్కడ తుప్పు చుక్కలు మొదలవుతాయి. పళ్లున్నవే దొరికితే గ్రైండర్ మీదో, ఆకురాయితోనో నున్నగా అరగదీయండి. పిడులకు పాత సైకిల్ ట్యూబు చుట్టండి.

రింగును గడియారం అనుకోండి. కోత 12 దగ్గర, పైన ఉండాలి. ఎడమ ప్లయర్ 10 దగ్గర, కుడి ప్లయర్ 2 దగ్గర. తెరవాలంటే కొసల్ని పక్కలకు లాగకూడదు. పక్కలకు లాగితే గుండ్రం పోయి కోడిగుడ్డవుతుంది, మళ్లీ ఎంత నొక్కినా గుండ్రం రాదు. ఒక చేయి మీ వైపుకు, ఒక చేయి అవతలికి. తలుపు తీసినట్టు. మూసేటప్పుడు అదే దారిన వెనక్కి రావాలి. కానీ ఎదురెదురుగా రాగానే ఆపకండి. ఇక్కడే ఉంది కిటుకు. వస్తూ వస్తూ రెండు కొసల్నీ ఒకదాని వైపు ఒకటి కొద్దిగా నెట్టండి, ఒకదాన్నొకటి రాసుకుంటూ అటు పక్కకు తీగ మందంలో సగం దాటిపోవాలి. మళ్లీ ఇటు పక్కకు అంతే దాటించండి. ఆ తర్వాత మధ్యకు తెచ్చి ఆపండి. కొసలు రాసుకునేటప్పుడు టిక్ మని చిన్న చప్పుడు వస్తుంది, చేతికి కూడా తెలుస్తుంది. వినపడిందా? ఇంకోసారి చేస్తాను. అటు, ఇటు, మధ్యకు.

ఎందుకిలా? ఇనుము వదలగానే కొంచెం వెనక్కి పోతుంది. సరిగ్గా కలిసిన చోట వదిలితే వెనక్కి పోయి సందు మిగులుతుంది. దాటించి వదిలితే ఆ వెనక్కిపోయే బలమే కొసల్ని ఒకదానికొకటి అదిమి పెడుతుంది. మనం బిగించి కూర్చోబెట్టడం కాదు, రింగు తనంతట తానే మూసుకుని ఉండాలనుకోవాలి. ఎలా తెలుస్తుంది సరిగ్గా మూశామని? వెలుతురుకెదురుగా పట్టండి, కోతలోంచి వెలుగు రాకూడదు. గోరు పెట్టి రాయండి, అటూ ఇటూ కూడా తగలకూడదు. ప్రతి వంద రింగులకు ఒక పది తీసి పాత పట్టుగుడ్డ మీద జార్చండి, పోగు లేస్తే ఆ వందా మళ్లీ చూడాలి. నిమిషానికి నాలుగు చొప్పున మూసినా 20,000కు 83 గంటలు. అరగంటకోసారి చేతులు విదిలించుకోండి, మణికట్టు నొప్పిని ఓర్చుకుంటూ అల్లొద్దు.

ఇక అల్లిక, చెప్పాను కదా, ఇది తేలిక. ప్రతి రింగూ నాలుగింటిని పట్టుకుంటుంది. మొదలు ఇలా. ఒక తెరిచిన రింగు తీసుకోండి, దాన్లో నాలుగు మూసినవి వేయండి, మూయండి. బల్ల మీద పరిస్తే రెండు పైకి, రెండు కిందికి. ఇలాంటి అయిదులను వరసగా కలిపితే పట్టీ వస్తుంది. పట్టీకి కింద వరస పెంచాలంటే, తెరిచిన రింగును కింది అంచులోని రెండు రింగుల్లోంచి పోనిచ్చి, దానికి రెండు మూసిన రింగులు తగిలించి మూయండి. తర్వాతి దానికి ఒక్క కొత్త రింగు చాలు, రెండోది ఇందాక వేలాడుతున్నదే. అందుకే కూర్చునే ముందు సగం రింగుల్ని మూసి ఒక డబ్బాలో, సగాన్ని తెరిచి ఇంకో డబ్బాలో పెట్టుకోండి.

తప్పు ఎలా పట్టుకోవాలి? ఒక వరస రింగులన్నీ కుడికి వాలితే, తర్వాతి వరస ఎడమకు వాలాలి. ఒక్క రింగు అటుది ఇటు దూరినా, అరచేత్తో నిమిరితే అక్కడ గుబ్బ తగులుతుంది. వదిలేసిన రింగు అంత తేలిగ్గా దొరకదు, ముక్కను కిటికీకి అడ్డంగా వేలాడదీస్తే చిన్న కన్నంలా కనపడుతుంది. రోజూ ఆపే ముందు చూడండి. నాలుగు రోజుల తర్వాత దొరికితే చుట్టూ పది రింగులు విప్పాల్సి వస్తుంది.

ముక్కలుగా అల్లి తర్వాత కలిపేవాళ్లు ప్రతి ముక్కలో వరసలు బేసి సంఖ్యలో ఉంచండి. 21, 23, అలా. బేసి అయితే పై అంచు, కింది అంచు ఒకే వైపు వాలతాయి, మధ్యలో కలిపే వరస ఎదురు వైపు వాలి సరిగ్గా కూర్చుంటుంది. సరి సంఖ్య అయితే కలిపే వరస ఎటు వాలినా ఒక ముక్కతో పొసగదు.

దిశ ఒకటి చెప్పాలి. ఇది తప్పితే మొత్తం పని పోతుంది. ఈ ముక్కను ఇలా పట్టుకుంటే, వరసలు అడ్డంగా ఉన్నాయి చూడండి, బరువుకు రింగులు దగ్గరగా ముడుచుకుంటాయి. పక్కలకు లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. ఇప్పుడు పావు వంతు తిప్పుతాను. ఏమైంది? జల్లెడలా విచ్చుకుంది, పక్కలకు సాగడం పోయింది. ఒంటికి వరసలు నడుం చుట్టూ అడ్డంగా తిరగాలి. ఊపిరి తీస్తే ఛాతీ పెరుగుతుంది కదా, ఆ సాగుడు మనకు పక్కలకే కావాలి.

కొలతలు కూడా వేలాడదీసే తీసుకోవాలి, బల్ల మీద పరిచి కాదు. 20 రింగుల వెడల్పు, 21 వరసల ముక్క అల్లి, కింద కొంచెం బరువు కట్టండి. ముడుచుకున్నప్పటి వెడల్పు ఎంత, చేత్తో పూర్తిగా లాగితే ఎంత, రెండూ రాసుకోండి. మీ ఛాతీ చుట్టుకొలత ఆ రెండింటి మధ్యలో పడేలా రింగులు లెక్కేయండి. ఛాతీని ఒట్టి ఒంటి మీద కొలవొద్దు. లోపల బొంతలా కుట్టిన మందపాటి నూలు చొక్కా ఉంటుంది, దాని మీద కొలిచి ఇంకో 15 సెంటీమీటర్లు కలపండి.

ఆకారం సాదాగా ఉంచండి. చంకల కింది నుంచి తొడల వరకు ఒక గొట్టం. దాని మీద ముందొక ముక్క, వెనకొక ముక్క, భుజాల మీద రెండు పట్టీలు. మెడ దగ్గర తల దూరాలి, ముందు వైపు 10 సెంటీమీటర్ల చీలిక ఇచ్చి తోలుతాడు కడితే సరిపోతుంది. వెనక ముక్క భుజాల దగ్గర ముందుదానికంటే వెడల్పుగా ఉండాలి. రెండు చేతులూ ముందుకు చాపితే వీపు వెడల్పవుతుంది, మీరే చేసి చూడండి. వెడల్పు పెంచాలంటే వరసలో అక్కడక్కడ ఒక అదనపు రింగు తగిలించి, తర్వాతి వరసలో దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తగ్గించాలంటే రెండింటికి బదులు మూడింటిని కలిపి ఒకే రింగుతో పట్టాలి. అన్నీ ఒకే నిలువు గీతలో చేయకండి, చెదరగొట్టండి, లేకపోతే కుట్టు వేసినట్టు కనపడుతుంది.

అసలు చిక్కు చంక దగ్గర. గొట్టానికి చొక్కా చేతుల్ని నేరుగా కలిపేస్తే, చేయి ఎత్తినప్పుడల్లా మొత్తం తొమ్మిదిన్నర కిలోలూ పైకి లేస్తాయి. పది నిమిషాల్లో భుజాలు పడిపోతాయి. చంకలో జానెడు డైమండు ముక్క వేయండి, లేదా అక్కడ ఖాళీ వదిలేయండి. మొదటి చొక్కాకు ఖాళీయే మేలు. చొక్కా చేతులు మోచేయి పైకే ఆపండి. భుజం నుంచి అదే అల్లిక సాగదీస్తే, చేయి కిందికి దించినప్పుడు వరసలు నిలువుగా పడతాయి, కాస్త విచ్చుకుని కనపడుతుంది. పరవాలేదు.

వేసుకున్నాక నడుముకు వెడల్పాటి బెల్టు బిగించి, చొక్కాను బెల్టు మీదకు కొంచెం పైకి లాగి వదలండి. సగం బరువు తుంటి మోస్తుంది, భుజాలకు వెంటనే తేడా తెలుస్తుంది. విప్పడానికి నడుం వంచి, చేతులు నేల వైపు చాపి, ఒళ్లు దులపండి. అదే తల మీదుగా జారి కింద పడుతుంది. జుట్టుకు మాత్రం గుడ్డ కట్టుకోండి, రింగులు వెంట్రుకల్ని వదలవు. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ ఎండలో వేసుకోవద్దు, ఇనుము ఎంత వేడెక్కుతుందో తెలుసు కదా.

దాచడానికి హ్యాంగరు వద్దు, వంగిపోతుంది. మడిచి గుడ్డ సంచిలో పెట్టండి. మురికి పడితే సబ్బు నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టండి. వెనిగర్, నిమ్మకాయ వాడొద్దు, జింకు పూతను తినేస్తాయి. పూత లేని ఇనుమైతే పొడి ఇసుకతో పాటు సంచిలో వేసి దొర్లించి, తర్వాత నూనె రాయాలి.

సరే. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండు ప్లయర్లు, అయిదు రింగులు ఇస్తున్నాం. ముందు నాలుగు మూయండి. అటు, ఇటు, మధ్యకు. గోరు పెట్టి చూసుకోండి. అయిదోది అప్పుడే తెరవకండి, నేను ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి ఆ నాలుగూ చూస్తాను.